విచారణ ప్రకటనను కూడా మొదటి పేజీలో వేయండి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో 2025 అక్టోబరు 20న జరిగిన కాల్పుల మీద మీ లేఖల పేజీలో వస్తున్న ఉత్తరాలన్నీ చదువుతున్నాను. 'ముమ్మాటికీ న్యాయమే' అని ఒకరు రాశారు. 'ఇది హత్యే' అని ఇంకొకరు రాశారు. ఆ ఇద్దరూ ఆ సమయానికి ఆ గదిలో లేరు. నేనూ లేను. ఆ రోజు దీపావళి. హన్మకొండలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ప్రమిదలు తుడుచుకుంటున్నాను. అయినా దీపాలు పెట్టే వేళకు మా వీధిలో ప్రతి ఇంటికీ ఒక తీర్పు ఉంది. ఆ రాత్రి కాల్చిన టపాసుల్లో పండగ కోసం కాల్చినవి ఎన్నో, ఈ వార్త కోసం కాల్చినవి ఎన్నో చెప్పలేను.

జరిగిందని అందరికీ తెలిసింది ఇంతే. అక్టోబరు 17న నిజామాబాద్‌లో ఒక కానిస్టేబుల్ విధి నిర్వహణలో కత్తిపోట్లకు చనిపోయాడు. పొడిచాడన్న ఆరోపణ ఉన్న యువకుడు రెండు రోజులకు దొరికాడు. గాయాలతో ఆసుపత్రిలో ఉన్నవాడు 20న పోలీసు తూటాలకు చనిపోయాడు. కాపలా కానిస్టేబుల్ దగ్గరున్న తుపాకీ లాక్కోబోయాడని, తప్పనిసరై కాల్చామని పోలీసులు చెప్పారు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఎవరూ అడగకముందే దీన్ని విచారణకు తీసుకుంది. నాకు తెలిసింది ఇంతవరకే. దీని మీద న్యాయం, అన్యాయం అని తేల్చేంత సరుకు నా దగ్గర లేదు. రాసిన మిగతావాళ్ల దగ్గర ఉందని కూడా అనుకోను.

నేను రాస్తున్నది మరో సంగతి. 1981లో రెవెన్యూ శాఖలో టైపిస్టుగా చేరి, 2015లో డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేశాను. పట్టాలు, పహాణీ నకళ్లు, కరువు నివేదికలు, పింఛన్ల జాబితాలు లెక్కలేనన్ని టైపు చేశాను. వాటితో పాటు ఎన్‌కౌంటర్ మరణాల మీద ఆర్డీవోలు చేసే మెజిస్టీరియల్ విచారణల నివేదికలు పదకొండు నా చేతి మీదుగా పోయాయి. పదకొండింటి చివరి పేరాలోనూ కాల్పులు సమర్థనీయమనే ఉంది. వాటిలో ఒకదాని గురించి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. మీ పేజీలో ఈ ఉత్తరాలు చూశాక ఇక ఆగలేదు.

దానికి ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. 2008 డిసెంబరు 10న వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఆ రోజు ఈ ఊళ్లో ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనూ పొయ్యి సరిగా వెలగలేదు. మా అమ్మాయి అప్పుడు డిగ్రీ చదువుతోంది, స్కూటీ మీద కాలేజీకి వెళ్లేది. రెండు రోజులు దాన్ని గడప దాటనివ్వలేదు. మూడో రోజు తెల్లవారేసరికి ఆ కేసులో పట్టుకున్న ముగ్గురు యువకులు మామునూరు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారని తెలిసింది. ఆ రోజు రెండో శనివారం, ఆఫీసు లేదు. నేను చొక్కా తొడుక్కుని చౌరస్తాకు వెళ్లి కిలో లడ్డూలు కొని మా వరుసలోని పన్నెండు ఇళ్లకూ పంచాను. పంచుతూ, 'ఇక భయం లేదు' అన్నాను. ఎవరి భయం గురించి అన్నానో ఇప్పుడు ఆలోచిస్తే, నా భయం గురించే.

పదకొండులో ఏడెనిమిది నివేదికలు అప్పటికే టైపు చేసి ఉన్నవాణ్ని. ఎదురుకాల్పులు అన్న మాట కింద ఏముంటుందో ఊళ్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. అయినా లడ్డూలు పంచాను. కాబట్టి మొన్న దీపావళి రాత్రి ఈ వార్తకు టపాసులు కాల్చినవాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. వాళ్ల పక్కన నిలబడే రాస్తున్నాను.

ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరు ఆ నెలాఖరుకే చనిపోయింది. యాసిడ్ మాత్రం దుకాణాల్లో అమ్ముడవుతూనే ఉంది. యాసిడ్ దాడికి ప్రత్యేకంగా ఒక సెక్షను శిక్షాస్మృతిలో చేరింది 2013లో. అమ్మకాలకు కట్టుబాట్లు పెట్టమని సుప్రీంకోర్టు చెప్పిందీ ఆ ఏడాదే. మా ఊరి ఘటనకూ ఆ కట్టుబాట్లకూ మధ్య నాలుగున్నరేళ్లు గడిచాయి. ఆ నాలుగున్నరేళ్లలో మేము సీసాలు అమ్మే కొట్టు ముందు ఒక్కసారైనా ధర్నా చేశామా? చేయలేదు. లడ్డూలు తిన్నాక ఆ పని అయిపోయిందనుకున్నాం.

ఇక ఆ నివేదిక సంగతి. ఏ ఆర్డీవో కార్యాలయమో చెప్పను. అప్పటి అధికారి ఇప్పుడు లేరు. ఆయన మంచివారు కూడా. ఏటా వేసవిలో ఆఫీసు ముందు చలివేంద్రం పెట్టించేవారు. జరిగి పాతికేళ్లు దాటింది. అడవిలో ఎదురుకాల్పులు, గుర్తు తెలియని నక్సలైటు మృతి, ఒక తపంచా, రెండు కిట్ బ్యాగులు, విప్లవ సాహిత్యం స్వాధీనం. ఆ కాలంలో ఇక్కడ పేపరు చదివినవాళ్లందరికీ ఈ వాక్యం కంఠతా వచ్చు. మూడో రోజుకు పేరు తెలిసింది. పందొమ్మిదేళ్ల కుర్రవాడు.

విచారణకు ఉత్తర్వు వచ్చింది. పద్ధతి ప్రకారం ప్రకటన తయారు చేశాను. 'ఫలానా తేదీన జరిగిన ఘటన గురించి తెలిసినవారెవరైనా ఫలానా తేదీ ఉదయం పదకొండు నుంచి సాయంత్రం అయిదు లోపు ఈ కార్యాలయంలో హాజరై మౌఖికంగా గానీ రాతపూర్వకంగా గానీ వాంగ్మూలం ఇవ్వవచ్చు.' ఈ కాగితం ఎమ్మార్వో ఆఫీసు బోర్డుకు ఒకటి, పంచాయతీ ఆఫీసుకు ఒకటి. పత్రికకు ఇంకొకటి. పత్రికలో అది జిల్లా పేజీ అడుగున, చెరువు తూము మరమ్మతు టెండరుకూ పోయిన సర్టిఫికెట్ ప్రకటనకూ మధ్య వచ్చింది. నేనే కత్తిరించి ఫైల్లో అంటించాను. రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. మూడు తేదీలు వేశాం.

మొదటి తేదీకి ఎవరూ రాలేదు. రెండో తేదీకి పోలీసులు జీపులో వచ్చారు, తొమ్మిది మంది. వాంగ్మూలాలు టైపు చేయించుకుని తెచ్చారు, సంతకాలు పెట్టడమే మిగిలింది. నకళ్లు తీయడానికి అవి నా బల్ల మీదికి వచ్చాయి. నేను టైపిస్టును కదా, మనిషి ముఖం కన్నా అక్షరం ముందు కనబడుతుంది నాకు. తొమ్మిది వాంగ్మూలాల్లోనూ నాలుగో పేరాలో 'ఎదురుకాల్పులు' అన్న చోట దీర్ఘం ఎగిరిపోయి 'ఎదురుకల్పులు' అని ఉంది. తొమ్మిది మంది వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు చెట్ల వెనక నుంచి చూసిన సంగతి అది. తొమ్మిది మందికీ ఒకే దీర్ఘం పోయింది. నకళ్లు తీసేటప్పుడు ఆ తప్పు దిద్దాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా అని హెడ్ క్లర్కు గారిని అడిగాను. 'దిద్దితే మళ్లీ మనల్ని అడుగుతారు, అలాగే ఉంచు' అన్నారు. ఉంచాను.

మూడో తేదీ కూడా దాటిపోయింది. ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే ఒకావిడ, వెంట ఒక ముసలాయన, వరండాలో నిలబడి ఉన్నారు. ఆ కుర్రవాడి తల్లి. ఊరికి పేపరు రాదట. బడి పంతులుగారు మండల కేంద్రంలో చూసి చెప్పేసరికి ఆలస్యమైందట. బస్సు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పొద్దుటి బస్సు వాగు పొంగి ముందురోజు రాలేదట. చేతిలో చక్కెర కవరు. అందులో మడతలు పడిన పదో తరగతి మెమో.

'అయ్యా, నా కొడుకును అడవిలో పట్టుకోలేదు. దానికి ముందు రోజే బస్టాండులో పట్టుకుపోయారు. చూసినవాళ్లున్నారు. సారుకు చెప్పుకుంటాను' అంది.

'గడువు నిన్నటితో అయిపోయిందమ్మా. సారు క్యాంపులో ఉన్నారు. కాగితం మీద రాసిచ్చి పోండి, పెడతాను' అన్నాను.

'నాకు రాయడం రాదయ్యా.'

ముసలాయన వైపు చూశాను. ఆయనకూ రాదు. నాకు వచ్చు. నా ముందు టైపు మిషను ఉంది, కాగితాల కట్ట ఉంది. ఆమె చెబుతుంటే పది నిమిషాల పని. నేను ఆ రోజు టిఫిను డబ్బా అందుకుని, 'బయట అర్జీలు రాసేవాళ్లుంటారు, రాయించుకు రండి' అన్నాను. తిని వచ్చేసరికి వాళ్లు లేరు. రాత్రి బస్సు అందుకోవాలంటే అప్పుడే బయలుదేరాలి మరి. మళ్లీ రాలేదు.

వారం తర్వాత నివేదిక టైపు చేశాను. 'విస్తృతంగా ప్రకటన ఇచ్చినప్పటికీ ప్రజల నుంచి ఎవరూ హాజరు కాలేదు.' అలా రాయమని నాతో ఎవరూ చెప్పలేదు. పాత నివేదికల్లో ఆ వాక్యం ఉంది, అదే వేళ్లకు వచ్చేసింది. సాంకేతికంగా అబద్ధం కూడా కాదు. మూడు తేదీల్లో ఎవరూ రాలేదు.

ఆమె చెప్పింది నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. కన్నతల్లి ఏమైనా చెబుతుంది అంటారు, నిజమే. ఎస్సై కూడా ఏమైనా చెబుతాడు. బస్టాండులో చూసినవాళ్లను పిలిచి అడిగితే తేలేది. ఆ అడగడం జరగకుండా పోవడంలో నా డబ్బా భోజనానికి కూడా వాటా ఉంది.

నా బావమరిది ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయాడు. రోజూ పొద్దున ఇద్దరం వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తాం. తన తోటివాళ్లు ఇద్దరు మందుపాతరకు చనిపోతే మాంసం ముద్దలు ఏరి గోనెసంచిలో వేసుకువచ్చిన మనిషి. పోలీసుల మీద తేలిగ్గా మాట్లాడితే ఊరుకోడు. నిజమైన ఎదురుకాల్పులు చూశాడు. జీపుకు తూటాల చిల్లులు, రెండు వైపులా గాయాలు, నేల మీద రెండు రకాల తూటా గొట్టాలు ఉంటాయంటాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాల్చే హక్కు వాళ్లకు లేదని నేనూ అనను. మీకూ నాకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే వాళ్లకూ ఉంది. అప్పుడు శిక్షాస్మృతి 96 నుంచి 106 సెక్షన్ల దాకా, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా.

నిజామాబాద్ వార్త వచ్చాక రెండు రోజులు కట్ట మీద ఆ మాటే ఎత్తలేదు తను. చనిపోయిన కానిస్టేబుల్ గురించే బాధపడ్డాడు. మూడో రోజు బెంచీ మీద కూర్చుని తనే మొదలుపెట్టాడు.

'బావా, తుపాకీ లాక్కోబోయాడన్న మాట నిజమే అనుకుందాం. తుపాకీ అందేంత దగ్గర్లో కాపలా ఎందుకున్నాడు? ఖైదీ పక్కన ఉండేవాడి చేతిలో ఆయుధం ఉండకూడదు, ఆయుధం ఉన్నవాడు దూరంగా నిలబడాలి. మాకు నేర్పింది అదే. తుపాకీని నడుముకు గొలుసుతో బిగించుకుని డ్యూటీ చేసిన రోజులున్నాయి మాకు. తుపాకీ పోతే ఉద్యోగం పోతుంది. అందుకని ఇంట్లో పిల్లకన్నా దాన్ని జాగ్రత్తగా చూసుకునేవాళ్లం.'

'అయితే అబద్ధమంటావా?'

'అబద్ధమని నేనెందుకంటాను? అడగమంటున్నాను. గొలుసు ఉందా లేదా, ఉంటే ఎలా ఊడింది, ఎంత దూరం నుంచి కాల్చారు. ఎన్ని రౌండ్లు, ఎక్కడ తగిలాయి. మా సీఐ అయితే ఇవన్నీ అడిగేవాడు నన్ను. ఊళ్లోవాళ్లు ఒక్కరూ అడగడం లేదు.'

ఆ తర్వాత ఆలేరు సంగతి వచ్చింది. 2015 ఏప్రిల్ 7న వరంగల్ సెంట్రల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు వ్యానులో తీసుకుపోతున్న అయిదుగురు విచారణ ఖైదీలు దారిలో కాల్పుల్లో చనిపోయారు. తుపాకులు లాక్కోబోయారనే అప్పుడూ చెప్పారు. చేతులకు బేడీలున్న శవాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆసుపత్రి కోసం 2021లో పడగొట్టారు. కానీ ఆ ఫొటోలు చూసిన కళ్లు ఇంకా ఉన్నాయి. దానికి కొద్ది రోజుల ముందే సూర్యాపేట బస్టాండులో పోలీసులు కాల్పుల్లో చనిపోయారు. ఇంకా వెనక్కి పోతే, 1985 సెప్టెంబరు 3. నక్సలైట్ల చేతిలో చనిపోయిన ఒక ఎస్సై అంతిమయాత్ర వరంగల్ వీధుల్లో సాగుతోంది. ఆ యాత్రలోని పోలీసులు పిల్లల డాక్టరు రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆయన పౌరహక్కుల సంఘంలో ఉండేవారు. మా పెద్దవాడికి ఏడాది నిండకముందు జ్వరం వస్తే ఆయన దగ్గరికే తీసుకుపోయాం. ఫీజు అడగకుండా చీటీ రాసిచ్చి, పిల్లవాడికి నీళ్లు బాగా తాగించమన్నారు. ఆయన ఏ తుపాకీ లాక్కోబోయారు?

1985, 2015, 2025. మూడింటిలోనూ ముందు పోలీసులు చనిపోయారు, వాళ్ల ఇళ్లలో ఏడుపులు వినిపించాయి. ఆ ఏడుపు ఇంకా ఆగకముందే ఇంకో శవం లేచింది. ఈ వరస చూసినప్పుడల్లా, ఆ గదిలో ఉన్నది ఆత్మరక్షణా, ఆగ్రహమా అని అడగాలనిపిస్తుంది. అడిగితే చనిపోయిన కానిస్టేబుల్‌కు ద్రోహం చేసినట్టు చూస్తారు. మా బావమరిది అలా చూడలేదు. ఇంతకీ నిజామాబాద్ కానిస్టేబుల్ హత్య కేసు కోర్టులో నడిచి, ఏం జరిగిందో సాక్ష్యాలతో సహా బయటికి వచ్చి ఉంటే ఆ కుటుంబానికి దక్కేది కొంత ఉండేది. ఇప్పుడు నిందితుడే లేడు, ఏ కోర్టులో ఎవరిని నిలబెడతారు?

కోర్టులంటే ఏళ్లూ పూళ్లూ పడుతుందని మీ పాఠకుడు ఒకరు రాశారు. నాకు తెలియదా? మా ఇంటి ప్రహరీ గోడ తగాదా పందొమ్మిదేళ్లుగా నడుస్తోంది. అవతలి పక్షం ఆయన పోయి, ఆయన కొడుకుతో నాకు స్నేహం కూడా కుదిరింది, దావా మాత్రం అలాగే ఉంది. కానీ ఇదే ఊరిలో జరిగింది ఇంకోటి ఉంది. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసికందును ఎత్తుకుపోయి చంపేశారు. అప్పుడూ ఎన్‌కౌంటర్ చేయమని వీధుల్లో అరిచారు. ఎవరూ కాల్చలేదు. వరంగల్ కోర్టు ఆగస్టు 8న, అంటే రెండు నెలలు కూడా తిరగకముందే తీర్పు చెప్పింది. ఉరి. నవంబరులో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. 2020 మేలో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు తేలాయి. అక్టోబరు 28న తీర్పు వచ్చేసింది. ఉరిశిక్షల మీద నాకు వేరే సందేహాలున్నాయి, అవి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇక్కడ చెప్పదలచుకున్నది, పోలీసులు సాక్ష్యాలు సరిగా పోగుచేసి, ప్రభుత్వ వకీలు శ్రద్ధ పెడితే ఇదే జిల్లా కోర్టు ఎంత తొందరగా పని చేయగలదో మనం కళ్లారా చూశాం. చూసి కూడా మరిచిపోయాం.

2019 డిసెంబరు 6 ఉదయం, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, దిశ అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న నలుగురిని కాల్చేశారని టీవీలో వచ్చినప్పుడు నేను మా అమ్మాయికి ఫోను చేశాను. అది అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. సంతోషిస్తుందనుకున్నాను. పోలీసుల మీద పూలు చల్లుతున్నారమ్మా అన్నాను.

'నాన్నా, ఆసిఫాబాద్ ఆవిడ సంగతి ఏమైంది?' అంది.

ఏ ఆసిఫాబాద్ ఆవిడ? నాకు తట్టలేదు. దిశ ఘటనకు మూడు రోజుల ముందు, నవంబరు 24న, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి సామాను అమ్ముకునే ఒక దళిత మహిళను ముగ్గురు చెరిచి చంపారు. మనకు అది పక్క జిల్లాల సంగతే. ఆమె కోసం ఎవరూ లడ్డూలు పంచే పని పడలేదు, పూలు చల్లే పనీ పడలేదు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు విచారించి 2020 జనవరి 30న ముగ్గురికీ శిక్ష వేసింది. సాక్షులు వచ్చారు, చెప్పారు, నిందితుల తరఫు మాటా విన్నారు, అయిపోయింది.

'నా కోసం చంపామంటున్నారు కదా, నన్నడిగారా?' అని మా అమ్మాయి ఫోను పెట్టేసింది. ఆ తర్వాత నెల రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. చిన్నప్పటి నుంచి దానిది వాళ్లమ్మ పోలిక.

చటాన్‌పల్లి మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. పూలు చల్లిన రోజు ఆ ముగ్గురి వయసు ఎవరికైనా తెలుసా? మైనర్లని చదివినప్పుడు నాకు ఆ చక్కెర కవరులోని పదో తరగతి మెమో గుర్తొచ్చింది. దాన్ని నేను విప్పి కూడా చూడలేదు. పుట్టిన తేదీ ఏముందో.

నిబంధనలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో దేశమంతటికీ మార్గదర్శకాలు పంపింది. అంటే మన పౌరహక్కుల సంఘం మోసుకుపోయిన అర్జీల పుణ్యమే అవి. 2005లో చట్టం సవరించాక కస్టడీలో ఉన్న మనిషి చనిపోతే విచారించాల్సింది ఆర్డీవో కాదు, జ్యుడీషియల్ మెజిస్ట్రేట్. 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు పదహారు సూత్రాలు చెప్పింది. ఎఫ్ఐఆర్ కట్టాలి, ఘటనలో ఉన్న స్టేషను కాకుండా సీఐడీ గానీ ఇంకో స్టేషను బృందం గానీ దర్యాప్తు చేయాలి, ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చేయాలి, దాన్ని వీడియో తీయాలి, కాల్చిన ఆయుధాలు అప్పగించాలి, చనిపోయినవాడి ఇంటివాళ్లకు వెంటనే కబురు చేయాలి, సాహసమేనని అనుమానం లేకుండా తేలేదాకా ఆ పోలీసులకు వరస తప్పించి ప్రమోషన్లూ సాహస పతకాలూ ఇవ్వకూడదు. చదివితే అన్నీ మా బావమరిది బెంచీ మీద అడిగిన ప్రశ్నలే.

కాగితం మీద ఇంత ఉన్నా చివరికి అది ఎవరో ఒక గుమాస్తా బల్ల దగ్గర ఆగుతుంది. నా కాలంలో జనం భయంతో రాలేదు. విచారణకు వెళ్లి చెబితే మర్నాడు ఇంటికి జీపు వస్తుందని భయం, అది ఉత్త భయం కూడా కాదు. ఇప్పుడు భయం అంత లేదు. కానీ ఆసుపత్రిలో ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆయా, పక్క మంచం రోగి, క్యాంటీను కుర్రవాడు, వీళ్లలో ఎవరైనా ఏదైనా చూసి ఉంటే, వినగలిగి ఉంటే, మేజిస్ట్రేటు ముందుకు వచ్చి చెప్పగలరా? పోలీసులు చెప్పిందే నిజమని చెప్పడానికైనా సరే. ఊరంతా అప్పటికే తీర్పు చెప్పేసి టపాసులు కాల్చుకుంటే, ఇక తను చూసింది ఎవరికి కావాలి అనుకుంటారు. నేను టైపు చేసిన ఆ వాక్యాన్ని ఇప్పుడు వీధులన్నీ కలిసి టైపు చేస్తున్నాయి.

సంపాదకుడు గారూ, అందుకే మీకు ఒక విన్నపం. కాల్పుల వార్తను మొదటి పేజీలో వేశారు, వేయాల్సిందే. విచారణ ఎవరు చేస్తున్నారు, ఏ గదిలో, ఏ తేదీన, ఎన్ని గంటలకు, తెలిసినవారు ఎవరికి చెప్పుకోవాలి అన్న ప్రకటనను కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. టెండర్ల మధ్య వద్దు. రాయడం రానివారికి అక్కడే రాసిపెట్టే మనిషి ఉంటాడని కూడా అందులో వేయించండి. ఉండకపోతే ఉంచమని అధికారులను అడగండి. హన్మకొండ, వరంగల్ వరకైతే నేనే వస్తాను. నా కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, దీర్ఘాలు కూడా పోనివ్వను. విచారణ ముగిశాక నివేదికలో ఏమని తేలిందో, కాల్పులు సమర్థనీయమని తేలినా సరే, అది కూడా అక్కడే వేయండి. నేను చేసిన పదకొండులో ఒక్కటి కూడా అచ్చులో నాకు కనబడలేదు.

ఈ ఉత్తరం పంపే ముందు మా బావమరిదికి చదివి వినిపించాను. వినేంతసేపూ చెరువు వైపే చూస్తూ కూర్చున్నాడు. మందుపాతర సంగతి తీసేయమంటాడేమో అనుకున్నాను. 'నా పేరు రాయకు బావా' అన్నాడు. కాసేపాగి, 'గొలుసు సంగతి మాత్రం తీసేయకు' అన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు,
హన్మకొండ